కుక్క కూలబడి మళ్లీ లేచిందా? గుండె కూడా చూపించండి

సమస్య: తొమ్మిదేళ్ల కుక్క నడుస్తూ నడుస్తూ కూలబడింది. చిగుళ్లు పాలిపోయాయి. మర్నాటికి లేచి మామూలుగా తోక ఊపింది.

ఎండదెబ్బేమో, తగ్గిపోయిందిలే అనుకుంటాం. మా లాబ్రడార్ విషయంలో నేనూ అలాగే ఒక రోజు ఆగాను. ఆ రోజు ఇప్పటికీ బాధపెడుతుంది.

కారణం: గుండె కుడివైపు పై గదిలో హీమాంజియోసార్కోమా అనే కేన్సర్ గడ్డ ఉండొచ్చు. కుక్కల గుండెలో ఎక్కువగా కనిపించే గడ్డ ఇదే. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద జాతుల్లో మరీ ఎక్కువ. అది చిట్లితే నెత్తురు గుండె చుట్టూ ఉన్న సంచిలోకి చేరుతుంది. ఆ సంచి చప్పున సాగదు. దాంతో గుండె నొక్కుకుపోయి కుక్క పడిపోతుంది. కారిన నెత్తురు కొంత ఒంట్లోకి ఇంకిపోతే మళ్లీ లేస్తుంది. లేచినంత మాత్రాన గడ్డ పోయినట్టు కాదు.

పరిష్కారం: ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి గుండెకు ఎకో (గుండె స్కాన్), పొట్టకు స్కాన్ అడగండి. ఈ గడ్డ పొట్టలో ఉండే ప్లీహంలోనూ ఉండొచ్చు. మన దగ్గర పిడుదుల కాటుతో వచ్చే టిక్ ఫీవర్ వల్ల కూడా చిగుళ్లు పాలిపోతాయి కాబట్టి రక్తపరీక్ష చేయించాల్సిందే, కానీ అక్కడితో ఆగిపోవద్దు.

సమస్య: పొట్ట ఉబ్బుతోంది, తిండి తగ్గింది, పడుకున్నా నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీస్తోంది.

కారణం: గుండె చుట్టూ ఉన్న ఆ సంచిలో నీరు (అది నెత్తురు కలిసినదైనా సరే) మెల్లగా చేరుతుంటే పొట్టలోకీ నీరు దిగుతుంది.

పరిష్కారం: సూదితో గుండె చుట్టూ ఉన్న నీరు తీయాలి. తీసిన కాసేపటికే చాలా కుక్కలు తేరుకుంటాయి. ఇంట్లో మిగిలిన, ఒంట్లో నీరు తగ్గించే ఫ్యూరోసెమైడ్ మాత్ర మాత్రం దయచేసి వేయకండి. నొక్కుకుపోయిన గుండెకు అందే రక్తం దాంతో ఇంకా తగ్గుతుంది.

ఇక ఎన్నాళ్లు బతుకుతుంది? అది గడ్డ రకాన్ని బట్టి ఉంటుంది. హీమాంజియోసార్కోమా అయితే నీరు తీయడం ఒక్కటే చేస్తే తరచుగా రోజులు, వారాలే. ఆపరేషన్, డాక్సోరుబిసిన్ అనే మందుతో కీమో రెండూ చేస్తే సాధారణంగా నాలుగైదు నెలలు. బాక్సర్, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కల్లో గుండె మొదట్లో, పెద్ద రక్తనాళం దగ్గర వచ్చే కీమోడెక్టోమా అనే గడ్డ వేరు. అది నిదానంగా పెరుగుతుంది. గుండె చుట్టూ ఉన్న పొర తీసేస్తే ఏడాది, రెండేళ్లు బతికిన కుక్కలు చాలా ఉన్నాయి. ఒక్కోసారి అసలు గడ్డే ఉండదు, కారణం తెలియకుండా నీరు చేరుతుంది. అలాంటి వాటిలో దాదాపు సగం ఒకటి రెండు సార్లు నీరు తీస్తేనే బాగుపడతాయి. అందుకే ఎకో చూడకుండా "ఇక లాభం లేదు, నొప్పి లేకుండా చనిపోయే ఇంజెక్షన్ ఇచ్చేద్దాం" అనే మాటకు ఒప్పుకోకండి.

హీమాంజియోసార్కోమా అనే తేలితే, ఎన్నిసార్లు నీరు తీయించాలో, ఏ స్థితిలో ఆపాలో ముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి. రాత్రి మళ్లీ కూలబడితే తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ఈ రోజే కనుక్కోండి.