గుడ్డ డైపర్లు కొనే ముందు మీ దండెం చూసుకోండి

పిల్లలకి గుడ్డ డైపర్లు కొందామనుకుంటే ముందు ఆన్‌లైన్లో ఫోటోలు చూడకండి, మీ ఇంట్లో బట్టలు ఎక్కడ ఆరేస్తారో చూసుకోండి. విశాఖలో తడి పీల్చడం అసలు సమస్యే కాదు, ఆరడమే సమస్య. మా బాబు శ్రావణంలో పుట్టాడు. ఉండేది ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, సముద్రం గాలి బాగానే వస్తుంది కానీ తేమంతా ఆ గాలిలోనే ఉంటుంది, పొద్దున్న ఆరేసినవి సాయంత్రం ముట్టుకుంటే ఇంకా చల్లగా జిగటగా ఉండేవి. నేనేమో రంగులు బావున్నాయని పదీ ఒకేసారి తెప్పించేశాను, అన్నీ ఆల్ ఇన్ వన్ రకమే, అంటే లోపల తడి పీల్చే మెత్త, తడి బయటికి రానివ్వని పై కవర్‌కే కలిపి కుట్టేసి ఉంటుంది. తొడగడం సుఖమే. ఆరకపోవడంతో రెండో రోజుకే ముక్కిపోయిన వాసన.

మా అత్తయ్య చూసి, "మీ మామయ్య పాత పంచె ఉందిగా అమ్మా, చింపుకుంటే పోయేదానికి ఇన్ని డబ్బులెందుకు పోశావు" అన్నారు. ఉతికి ఉతికి పలచబడిన పొందూరు పంచె అది. చదరాలుగా చింపి, మడతపెట్టి వాడితే బాగా పీల్చింది, విప్పి ఆరేస్తే ఒంటిపొర కాబట్టి వాన రోజు కూడా ఫ్యాన్ కింద త్వరగా ఆరిపోయింది.

అందుకని నా లెక్క ఇది. జూన్ నుంచి అక్టోబర్ దాకా వాడాల్సి వస్తే కవర్ వేరు, లోపలి గుడ్డ వేరుగా ఉన్నవే తీసుకోండి. పాకెట్ రకం కూడా పర్వాలేదు, లోపల సంచిలా ఉన్న చోట పెట్టే పీల్చే మెత్తని, అంటే ఇన్సర్ట్‌ని, బయటికి తీసి విడిగా ఆరేయొచ్చు. ఇన్సర్టుల్లో మైక్రోఫైబర్ అనే సింథటిక్ గుడ్డ త్వరగా ఆరుతుంది, కానీ అది నేరుగా ఒంటికి తగలకూడదు, చర్మాన్ని పొడిబార్చేస్తుంది, పాకెట్ లోపలే ఉండాలి. వెదురు, హెంప్ నార లాంటివి బాగా పీలుస్తాయి, అంత నిదానంగానూ ఆరతాయి, రాత్రికి రెండు మూడు ఉంటే చాలు. ఏ రకమైనా ముందు ఒక్కటి కొని, తడిపి, పిండి, మీ బాల్కనీలో ఆరేసి ఎంతసేపు పడుతుందో చూడండి. ఆ తర్వాతే మిగతావి.

కవర్ కొనేటప్పుడు తొడ దగ్గర ఎలాస్టిక్ లాగి వదిలి చూడండి, వెంటనే వెనక్కి రావాలి. తొడిగాక అక్కడ సందు ఉండకూడదు, అలాగని ఎర్రగా లోతు గాటు కూడా పడకూడదు. అన్ని సైజులకీ ఒకటే అని అమ్మేవి రెండున్నర, మూడు కిలోల పసిపిల్లలకి చాలాసార్లు వదులైపోతాయి, కాబట్టి మొదటి నెల పంచె ముక్కలే నయం. బొడ్డు రాలేదాకా పైఅంచు బొడ్డు కిందికి మడవండి.

ఇక మొలతాడు సంగతి ఏ ప్యాకెట్ మీదా రాయరు. నాకైతే రోజూ బాబు చొక్కా ఎందుకు తడుస్తోందో వారం దాకా అర్థం కాలేదు. చూస్తే మొలతాడు కవర్ లోపలికి పోయి, దాని కొస బయట వేలాడుతోంది, తడి ఆ దారం వెంటే పాకి చొక్కాకి అంటుతోంది. తాడు ఎప్పుడూ కవర్‌కి పైనే ఉండేలా చూసుకోండి.

కొత్త కాటన్ గుడ్డలు నాలుగైదు ఉతుకులు పడితే గానీ సరిగ్గా పీల్చవు. చెంచాడు నీళ్ళు పోసి చూడండి, బొట్టుగా పైనే నిలబడిందంటే ఇంకా ఉతకాలి. కొన్నాళ్ళు వాడిన దాని మీద కూడా అలా నిలబడితే సబ్బు మిగిలిపోయినట్టు, బోరు నీళ్ళయితే ఇది మరీ ఎక్కువ, నురగ పోయేదాకా జాడించండి. మెత్తదనం కోసం వేసే కంఫర్ట్ లాంటివి వద్దు, పీల్చే గుణం పోతుంది. ఒంటికి నూనె రాసిన రోజు లోపల ఒక పల్చటి గుడ్డ వేస్తే మంచిది, జిడ్డు ఇన్సర్ట్‌కి పట్టదు. ముందు చన్నీళ్ళతో జాడించి తర్వాతే సబ్బు పెట్టండి. అన్నం తినే వయసొచ్చాక మలం ముందే టాయిలెట్లో దులపాలి. గుడ్డలు ఎండలో, కవర్లు నీడలో.

ఎన్ని కావాలంటే, పసిపిల్లలకి రోజుకి పది పన్నెండు మార్చాలి, ఉతికినవి ఆరడానికి ఒక రోజు పట్టిందనుకుంటే 24 గుడ్డలు, ఆరు కవర్లు. బయటికెళ్ళినప్పుడు మామూలు డైపర్ వేస్తాను, ఆ విషయంలో నాకేం పట్టుదల లేదు.

అక్టోబర్‌లో మాత్రం ఒక డజను పంచె ముక్కలు అదనంగా బీరువాలో పెట్టుకోండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్ళో చాలా ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు మెషీన్ తిరగదు, ఫ్యానూ తిరగదు, చేత్తో పిండి గదిలో దండెం కట్టి ఆరేసుకోగలిగేది ఒంటిపొర గుడ్డ ఒక్కటే.