ఓపెన్ సోర్స్‌తో సంగీతం – 4వ పాఠం: పాడింది లేటుగా ఎందుకు వినిపిస్తుంది?

మూడో పాఠంలో ఆర్డోర్ అనే ఓపెన్ సోర్స్ రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో కొత్త సెషన్ తెరిచి ఒక ట్రాక్ మీద గొంతు రికార్డ్ చేశాం. ఆ అభ్యాసం చేసినవాళ్లకు ఈపాటికి ఒక చికాకు ఎదురై ఉండాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాడుతుంటే మన గొంతు మనకే కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. దాన్ని అందుకోబోయి మనం నెమ్మదిస్తాం, అది ఇంకా వెనకబడుతుంది, రెండో చరణానికల్లా తాళం తప్పుతుంది. ఈ ఆలస్యానికే లేటెన్సీ అని పేరు. ఈ పాఠంలో అది ఎక్కడ పుడుతుందో చూసి, కొలిచి, మన పనికి అడ్డు రాకుండా చేసుకుందాం. దాన్ని సున్నా చేయాలని మాత్రం పట్టుదలకు పోవద్దు. ఎందుకో మధ్యలో చెబుతాను.

ముందు శబ్దం నడిచే దారి. మైకులో పడ్డ గొంతు ఆడియో ఇంటర్‌ఫేస్‌లో, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో, అంకెలుగా మారుతుంది. ఆ అంకెలు యూఎస్‌బీ కేబుల్ మీదుగా కంప్యూటర్‌కు వస్తాయి. లైనక్స్‌లో వాటిని అందుకునేది ఆల్సా అనే డ్రైవర్ల వ్యవస్థ. అక్కడి నుంచి ఆర్డోర్‌కు, ఆర్డోర్ నుంచి మళ్లీ ఆల్సాకు, ఇంటర్‌ఫేస్‌కు, చివరికి హెడ్‌ఫోన్స్‌కు. ఈ దారిలో ఎక్కువ ఆలస్యం బఫర్ దగ్గర జరుగుతుంది. సెకనుకు 48,000 శాంపిల్స్ (శబ్దాన్ని కొలిచిన అంకెలు) వస్తుంటే కంప్యూటర్ ఒక్కొక్కదాన్నీ వచ్చింది వచ్చినట్టు పట్టించుకోదు. సీట్లన్నీ నిండితేగానీ కదలని బస్సులాగా, చెప్పినన్ని శాంపిల్స్ పోగయ్యేదాకా ఆగి, అప్పుడు మొత్తం గుంపును ఒకేసారి ప్రోగ్రామ్‌కు అందిస్తుంది. ఎన్ని పోగవ్వాలన్నదే బఫర్ సైజు.

లెక్క సులువు. బఫర్ సైజును శాంపిల్ రేటుతో (సెకనుకు వచ్చే శాంపిల్స్ లెక్కతో) భాగిస్తే ఒక్క గుంపు నిండటానికి పట్టే సమయం వస్తుంది. 48,000 రేటులో 1024 శాంపిల్స్ అంటే 21.3 మిల్లీసెకన్లు. 256 అయితే 5.3. 64కు దింపితే 1.3. అయితే మనకు వినిపించే ఆలస్యం ఇంతే కాదు. లోపలికి వచ్చేటప్పుడు ఒక గుంపు నిండాలి. బయటికి వెళ్లేటప్పుడు మామూలుగా రెండు గుంపులు వరుసలో ఉంటాయి, ఒకటి వినిపిస్తుండగా రెండోది సిద్ధమవ్వాలి కాబట్టి. ఈ వరుసలో ఎన్ని గుంపులుండాలో చెప్పేదే ఆర్డోర్ సెట్టింగ్స్‌లో కనిపించే పీరియడ్స్ అంకె. కాబట్టి 256 బఫర్, 2 పీరియడ్స్ పెడితే రానూ పోనూ కలిపి దాదాపు 16 మిల్లీసెకన్లు. దీనికి యూఎస్‌బీ తీసుకునే సమయం, ఇంటర్‌ఫేస్‌లోని కన్వర్టర్లు తీసుకునే సమయం అదనం. ఈ అదనం ఎంతో డబ్బా మీద రాసి ఉండదు. కొలవాల్సిందే.

16 మిల్లీసెకన్లు ఎక్కువా, తక్కువా? గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. ఆంప్లిఫయర్‌కు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి గిటార్ వాయించేవాడికి తన తీగ శబ్దం ఎలాగూ 10 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతోంది. అతను దాన్ని గమనించను కూడా గమనించడు. అందుకే సున్నా కోసం పాకులాడొద్దన్నాను. గాయకుల సంగతి వేరు. మన గొంతు మనకు పుర్రె ఎముకల గుండా ఆలస్యం లేకుండా ముందే వినిపిస్తుంది. అదే గొంతు హెడ్‌ఫోన్స్‌లో కొన్ని మిల్లీసెకన్లు వెనకగా వచ్చి కలిస్తే, లయ తప్పకపోయినా గొంతు డొల్లగా, గొట్టంలోంచి వస్తున్నట్టు మారిపోతుంది. డ్రమ్స్ కొట్టేవాళ్లకు తక్కువ ఆలస్యం కూడా చేతికి తెలుస్తుంది. మెల్లగా ఎగసే సింథ్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దం పుట్టించే వాద్యం) శబ్దాలు వాయించేవాళ్లకు 20 ఉన్నా పెద్దగా పట్టదు. ఏ పని చేస్తున్నామన్నదాన్ని బట్టి అంకె మారుతుంది.

ఇప్పుడు చేతిపని. ఆర్డోర్‌లో విండో మెనూ నుంచి ఆడియో/మిడి సెటప్ తెరవండి. ఆడియో సిస్టమ్ అన్నచోట ఆల్సా ఎంచుకోండి. పైప్‌వైర్ ఉన్న కంప్యూటర్లో జాక్ అని కూడా కనిపించవచ్చు, దాని సంగతి కాసేపట్లో. ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండింటికీ ఒకే ఇంటర్‌ఫేస్ ఉండాలి. మైకు ఒక పరికరంలో, హెడ్‌ఫోన్స్ మరో పరికరంలో ఉంటే రెండింటి గడియారాలూ ఒకదానితో ఒకటి కలవవు, ఆ తలనొప్పి ఇప్పుడు వద్దు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ అయితే పక్కన పెట్టేయండి, అవి ఒక్కటే 100 మిల్లీసెకన్లకు పైగా తినేస్తాయి. శాంపిల్ రేటు 48,000, బఫర్ 256, పీరియడ్స్ 2 పెట్టండి. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ 2తో గొడవ చేస్తే 3 చేయండి, చాలావాటికి అదే కుదురుతుంది.

అదే విండోలో కాలిబ్రేట్ అన్న బటన్ ఉంటుంది. అసలు ఆలస్యాన్ని కొలిచేది అది. కేబుల్ పెట్టే ముందు మూడు పనులు తప్పక చేయండి. హెడ్‌ఫోన్స్ చెవుల నుంచి తీసేయండి, స్పీకర్లు తగ్గించండి. ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కొన్ని రకాల మైకులకు పంపే కరెంటు) ఆపేయండి. డైరెక్ట్ మానిటరింగ్ (లోపలికి వచ్చిన శబ్దాన్ని నేరుగా హెడ్‌ఫోన్స్‌కు పంపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే అదీ ఆపండి, లేకపోతే లోపలికి వచ్చిన శబ్దం అటు నుంచి అటే బయటికి పోయి మళ్లీ లోపలికి తిరుగుతూ కీచుమంటుంది, కొలత కూడా చెడుతుంది. ఆ తర్వాత ఒక చిన్న కేబుల్‌తో ఇంటర్‌ఫేస్ ఔట్‌పుట్‌ను దాని లైన్ ఇన్‌పుట్‌కే కలపండి. గెయిన్ (లోపలికి వచ్చే శబ్దాన్ని పెంచే బటన్) మధ్యస్థంగా ఉంచి, ఏ ఛానెళ్లకు కేబుల్ పెట్టారో ఆ ఛానెళ్లనే ఎంచుకుని, కొలవమనండి. ఆర్డోర్ ఒక పరీక్ష శబ్దాన్ని బయటికి పంపి, అది తిరిగొచ్చే దాకా లెక్కపెట్టి, మొత్తం ఎన్ని శాంపిల్స్ పట్టిందో, ఎన్ని మిల్లీసెకన్లో చూపిస్తుంది. 960 శాంపిల్స్ అని వచ్చిందనుకోండి, 48తో భాగిస్తే 20 మిల్లీసెకన్లు. బఫర్ లెక్క ప్రకారం 16 రావాలి కదా, మిగతా 4 మీ ఇంటర్‌ఫేస్‌ది, యూఎస్‌బీది. దాన్నే సిస్టమిక్ లేటెన్సీ అని వేరుగా చూపిస్తుంది. ఆ ఫలితాన్ని వాడుకోమని చెప్పి విండో మూసేయండి.

దీంతో వచ్చే లాభం చాలామందికి తట్టదు. కొలత వల్ల వినిపించే ఆలస్యం తగ్గదు. కానీ ఇప్పుడు ఆర్డోర్‌కు అది ఎంతో కచ్చితంగా తెలుసు కాబట్టి, కొత్తగా రికార్డ్ చేసిన ముక్కను అంత వెనక్కి జరిపి పాత ట్రాక్‌లతో సరిగ్గా కలుపుతుంది. కొలవకుండా పది ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి రికార్డ్ చేస్తే, ఏదీ పూర్తిగా తప్పుగా అనిపించదు గానీ పాట మొత్తం ఈడ్చినట్టు ఉంటుంది. మిక్సింగ్‌లో ఎంత తన్నుకున్నా ఆ బరువు పోదు. ఆడాసిటీ అనే ఇంకో రికార్డింగ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు కూడా ఇది పట్టించుకోవాలి. అందులో లేటెన్సీ కాంపెన్సేషన్ ముందుగానే మైనస్ 130 మిల్లీసెకన్లుగా పెట్టి ఉంటుంది. అది గుడ్డి అంచనా, మీ ఇంటర్‌ఫేస్‌తో సంబంధం లేదు. దాన్ని సున్నా చేసి, ఒక రిథమ్ ట్రాక్ తయారుచేసి, అదే కేబుల్ పద్ధతిలో దాన్ని రికార్డ్ చేసి, రెండు ట్రాక్‌ల మధ్య తేడా చూసి, ఆ తేడాను మైనస్ గుర్తుతో అక్కడ రాయండి.

సరే, పాడేటప్పుడు వినిపించే ఆలస్యం మాటేమిటి? అందరూ ముందుగా బఫర్ తగ్గించడానికి పరిగెడతారు. నేనైతే ముందు ఇంటర్‌ఫేస్ ముందు పలక చూడమంటాను. చాలావాటికి డైరెక్ట్ మానిటరింగ్ అన్న స్విచ్ గానీ, ఇన్‌పుట్–ప్లేబ్యాక్ అని రాసిన తిప్పుడు బటన్ గానీ ఉంటుంది. అది ఆన్ చేస్తే మైకు శబ్దం కంప్యూటర్ దాకా వెళ్లి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కు వస్తుంది. ఆలస్యం ఉన్నా చెవికి అందనంత తక్కువ. అప్పుడు ఆర్డోర్ కూడా అదే గొంతును రెండోసారి వినిపించకుండా, ప్రిఫరెన్సెస్‌లో మానిటరింగ్ బాధ్యత ఆడియో హార్డ్‌వేర్‌దని పెట్టాలి. ఇది మరిచిపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. ఈ పద్ధతిలో బఫర్ 1024 ఉన్నా ఫరవాలేదు. లోటు ఒక్కటే: పాడేటప్పుడు సాఫ్ట్‌వేర్ రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని చేర్చే ఎఫెక్ట్) తడిపిన గొంతు వినిపించదు. చాలామందికి పొడి గొంతుతో పాడటం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, కొన్ని రోజులకు అలవాటవుతుంది. శ్రుతి దోషాలు కూడా పొడి గొంతులోనే బాగా తెలుస్తాయి.

గిటార్‌కు సాఫ్ట్‌వేర్ ఆంప్ పెట్టుకునేవాళ్లకు, మిడి కీబోర్డు (ఏ మెట్టు నొక్కామో మాత్రమే కంప్యూటర్‌కు చెప్పేది) వాయించేవాళ్లకు ఈ దారి లేదు. వాళ్లు బఫర్ తగ్గించాల్సిందే. తగ్గించుకుంటూ పోతే ఒకచోట టక్కుమని శబ్దాలు మొదలవుతాయి. 64 శాంపిల్స్ అంటే, ప్రతి 1.3 మిల్లీసెకన్లకూ కంప్యూటర్ మిగతా పనులు వదిలేసి మీ ప్లగిన్లన్నీ (ఆర్డోర్‌కు తగిలించే ఎఫెక్టులు, వాద్యాలు) లెక్కగట్టి ఇవ్వాలి. ఒక్కసారి ఆలస్యమైనా ఆ గుంపు ఖాళీగా పోతుంది. దాన్నే ఎక్స్‌రన్ అంటారు. ఆర్డోర్ స్టేటస్ బార్‌లో డీఎస్పీ శాతం (ఉన్న సమయంలో శబ్దం లెక్కలకు ఎంత ఖర్చవుతోందో), ఎక్స్‌రన్‌ల లెక్క రెండూ కనిపిస్తాయి. ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్‌రన్ వచ్చినచోట గుర్తు పెట్టమని చెప్పే సెట్టింగ్ ఉంది, ఆన్ చేసుకోండి. మంచి టేక్ మధ్యలో ఎక్కడ పాడైందో వెతుక్కోవాల్సిన పని తప్పుతుంది.

డీఎస్పీ 20 శాతం దగ్గరే ఉన్నా ఎక్స్‌రన్‌లు వస్తుంటే కంప్యూటర్ బలహీనమైందని కొత్తది కొనబోకండి. తప్పు సాధారణంగా వేరేచోట ఉంటుంది. మొదటిది అనుమతి. ఆడియో ప్రోగ్రామ్‌కు రియల్‌టైమ్ ప్రాధాన్యం, అంటే మిగతా పనులకంటే ముందు నడిచే హక్కు, దొరకాలి. డెబియన్ లైనక్స్‌లో జాక్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఈ ప్రశ్న అడుగుతుంది, అవునని చెప్పాలి. మీ యూజర్ పేరు ఆడియో గ్రూపులో ఉండాలి, చేర్చాక ఒకసారి లాగౌట్ అయి రావాలి. రెండోది, ల్యాప్‌టాప్ కరెంటు పొదుపు కోసం ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తూ పెంచుతూ ఉండటం. రికార్డింగ్ సమయంలో దాన్ని పర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టండి. వైఫై ఆపి చూడండి. ఇంటర్‌ఫేస్‌ను హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌కు గుచ్చండి. ప్రత్యేక రియల్‌టైమ్ కెర్నల్ (కెర్నల్ అంటే లైనక్స్ గుండెకాయ) వేసుకోమని సలహాలు చాలా వింటారు. ఏళ్ల తరబడి బయట ప్యాచ్‌గా ఉన్న ఆ పని 2024లో వచ్చిన 6.12తో అసలు లైనక్స్ కెర్నల్‌లోనే కలిసింది. అయినా 128 బఫర్‌కు చాలా కంప్యూటర్లలో మామూలు కెర్నల్ సరిపోతుంది. 32 శాంపిల్స్‌తో నడుస్తోందని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్ల సెషన్లో ఎన్ని ప్లగిన్లు ఉన్నాయో అడిగి చూడండి.

జాక్, పైప్‌వైర్ సంగతి. ఆర్డోర్ రాసిన పాల్ డేవిస్సే జాక్‌కూ మూలపురుషుడు. ఒక ప్రోగ్రామ్ శబ్దాన్ని ఇంకో ప్రోగ్రామ్‌లోకి, అన్నీ ఒకే గడియారం మీద నడిచేలా, కేబుల్ తగిలించినట్టు పంపడం దాని పని. ఇబ్బందల్లా, జాక్ నడుస్తుంటే బ్రౌజర్లో వీడియో చూడాలన్నా ఏదో ఒక తంటా పడాల్సి వచ్చేది, ఎందుకంటే డెస్క్‌టాప్ శబ్దాలన్నీ పల్స్ఆడియో అనే వేరే ప్రోగ్రామ్ చేతిలో ఉండేవి. విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ ఈ రెండు పాత్రలనూ ఒకటి చేసింది. 2021లో ఫెడోరా 34 లైనక్స్ దాన్ని ఆడియోకు డిఫాల్ట్ చేసింది, 2023 నవంబరులో 1.0 వచ్చింది. అందులో బఫర్‌ను క్వాంటమ్ అంటారు, మామూలుగా 1024 ఉంటుంది. ఒక్క ఆర్డోర్‌తోనే పని అయితే ఆల్సా ఎంచుకోవడమే నయం, మధ్యవర్తి తగ్గుతాడు. హైడ్రోజన్ అనే డ్రమ్ ప్రోగ్రామ్‌లో డ్రమ్స్ వాయిస్తూ ఆర్డోర్‌లో రికార్డ్ చేయాలంటే జాక్ ఎంచుకుని, క్యూపీడబ్ల్యూగ్రాఫ్ అనే ప్రోగ్రామ్‌లో మౌస్‌తో తీగలు లాగి కలపండి.

కంప్యూటర్‌తో కుదరదనిపించేంత తక్కువ ఆలస్యం నిజంగా కావాలంటే, అంటే చేత్తో తాకగానే పలికే కొత్త వాద్యం కట్టాలనుకుంటే, హార్డ్‌వేర్ వైపు చూడాలి. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో పుట్టిన బేలా అనే బోర్డు, బీగుల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ మీద కూర్చుని, 1 మిల్లీసెకను లోపే శబ్దాన్ని లోపలికి తీసుకుని బయటికి ఇస్తుంది. మధ్యలో యూఎస్‌బీ లేదు. పైగా జెనోమై అనే రియల్‌టైమ్ సాఫ్ట్‌వేర్ సాయంతో ఆడియో కోడ్ లైనక్స్‌లోని మిగతా పనులన్నింటికంటే ముందు నడుస్తుంది. టీన్సీ బోర్డు చౌక, దాని ఆడియో లైబ్రరీ 44,100 రేటులో 128 శాంపిల్స్ చొప్పున పనిచేస్తుంది, ఒక్కో గుంపుకు 2.9 మిల్లీసెకన్లు. లైబ్రరీ పూర్తిగా ఓపెన్, బోర్డులో బూట్ చిప్ మాత్రం కాదు. ఈ తేడా మీకు ముఖ్యమైతే గుర్తుంచుకోండి. ఈ బోర్డుల మీద విడిగా పాఠం ఉంది, ఇప్పుడే కొనొద్దు.

ఈ వారం అభ్యాసం: 1024, 512, 256, 128 బఫర్‌లతో ఒక్కోసారి కాలిబ్రేట్ చేసి అంకెలు కాగితం మీద రాయండి. ప్రతి దానిలోనూ మూడో పాఠంలోని సెషన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఎక్స్‌రన్‌లు ఎన్ని వచ్చాయో పక్కన రాయండి. బఫర్ మారినా సిస్టమిక్ లేటెన్సీ దాదాపు అలాగే ఉండాలి. బాగా ఎగుడుదిగుడుగా వస్తే ఇంటర్‌ఫేస్‌ను ఇంకో పోర్టులో పెట్టి మళ్లీ కొలవండి. ఎక్స్‌రన్ రాని అతి చిన్న బఫర్ ఏదో దానికి గుండ్రం చుట్టండి. వచ్చే పాఠంలో మిడి కీబోర్డు తగిలించి సర్జ్ ఎక్స్‌టీ సింథ్ వాయిస్తాం. ఆ శబ్దం పుట్టేదే కంప్యూటర్లో కాబట్టి డైరెక్ట్ మానిటరింగ్ అక్కడ పనికిరాదు, చుట్టిన ఆ అంకెతోనే మొదలుపెట్టాలి.