స్పానిష్‌లో ‘పరేహ’: జంటకూ, జంటలో ఒకరికీ ఒకటే మాట

స్పానిష్‌లో జంటను ‘పరేహ’ అంటారు. ఈ మాటను విడిగా కాక, దాని ముందు వచ్చే స్త్రీలింగ ఆర్టికల్‌తో కలిపి ‘లా పరేహ’ అనే కంఠస్థం చేయడం మంచిది. తర్వాత ఎదురయ్యే చిక్కుల్లో చాలా వరకు లింగానికి సంబంధించినవే.

ముందుగా ఉచ్చారణ చూద్దాం. రాతలో చివరి అక్షరానికి ముందు ‘జె’ కనిపిస్తుంది కనుక ‘పరేజ’ అని చదవాలనిపిస్తుంది, కానీ స్పెయిన్ ఉత్తర, మధ్య ప్రాంతాల్లో ఆ అక్షరం గొంతు లోపలి నుంచి గరగరమంటూ వస్తే, కరీబియన్ దీవుల్లో మన ‘హ’ అంత మెత్తగా పలుకుతుంది. ‘హ’తో మొదలుపెట్టినవారి మాట అందరికీ అర్థమవుతుంది. ఊనిక ‘రే’ మీద ఉండాలి. ‘ప’, ‘ర’ మాత్రం మనం తెలుగులో పలికినట్టే పలికితే చాలు. ఈ విషయంలో ఇంగ్లీషువారి కంటే మనకే సులువు.

అర్థం దగ్గర కొంచెం ఆగాలి. ‘లా పరేహ’ అంటే ఇద్దరూ కలిసిన జంట. ‘మి పరేహ’ అంటే ఆ జంటలో ఒకరు, అంటే నా జీవిత భాగస్వామి. వస్తువులకూ ఇంతే. ఉతికిన బట్టలు సర్దుతూ ఒక మేజోడు చేతపట్టుకుని ‘నొ ఎన్‌క్వెన్త్రొ లా పరేహ దె ఎస్తె కల్సెతీన్’ అంటే ‘ఈ మేజోడుకు జత కనిపించడం లేదు’ అని. తెలుగులో ‘జత’ అనే మాట కూడా రెండింటినీ, రెండింటిలో ఒకదాన్నీ సూచిస్తుంది కాబట్టి, ఈ వాక్యాన్ని బిగ్గరగా పదిసార్లు చదివితే ఆ వాడుక తేలిగ్గానే పట్టుబడుతుంది.

భాగస్వామి మగవాడైనా ఆర్టికల్, విశేషణం స్త్రీలింగంలోనే ఉంటాయి: కొత్త భాగస్వామి అనడానికి ‘మి న్వేబ పరేహ’ అనాలి, ‘న్వేబొ’ అనకూడదు. అలాగని ‘పరేహ’ను ‘పరేహొ’గా మార్చి పురుషుడికి తగిలించకూడదు, ‘పరేహొ’ ప్రధానంగా సమానంగా, ఎగుడుదిగుడు లేకుండా ఉన్నదని చెప్పే విశేషణం. జంటలో ఇద్దరున్నా క్రియ ఏకవచనంలోనే వస్తుంది: ‘లా పరేహ బీబె ఎన్ సెబీయ’, అంటే ఆ జంట సెవిల్‌లో నివసిస్తోంది. గౌరవ బహువచనానికి అలవాటుపడిన మన నోటికి ఇక్కడ ‘బీబెన్’ వచ్చేస్తుంది, జాగ్రత్త.

చెప్పుల జతకు మాత్రం ‘పర్’ అనే పుంలింగ పదం వాడతారు: ‘ఉన్ పర్ దె సపాతోస్’. ‘ఉన్ పర్ దె దీయస్’ అంటే ఒకట్రెండు రోజులు. తరగతిలో ఉపాధ్యాయులు ‘పోర్ పరేహస్’ అంటే ఇద్దరిద్దరుగా కూర్చోమని అర్థం. 1844లో ఏర్పడిన స్పెయిన్ భద్రతా దళం గ్వార్దియా సివిల్‌లో ఇద్దరిద్దరుగా గస్తీ తిరగడం ఎంత పాత ఆనవాయితీ అంటే, ‘లా పరేహ’ అనగానే ఆ ఇద్దరు పోలీసులు గుర్తొచ్చే సందర్భాలు కూడా ఉన్నాయి.

స్పెయిన్‌లో దరఖాస్తులు నింపేటప్పుడు ‘పరేహ దె ఎచొ’ కనిపిస్తే, అది పెళ్ళి చేసుకోకుండా కలిసి జీవిస్తున్నవారికి సంబంధించిన మాట. పెళ్ళయినవారు ‘కసాదొ’ లేదా ‘కసాద’ అన్న చోటే గుర్తు పెట్టాలి.