తవ్వకం నుంచి తెర మీదికి – 4వ పాఠం: గుంజగుంటల మీద ఇల్లు లేపడం

పోయిన పాఠంలో పురావస్తు తవ్వకపు ప్లానును స్కాన్ చేసి గీతలుగా మార్చుకున్నాం. ఈసారి ఆ గీతల మీద ఇల్లు లేపి 60 సెకన్ల యానిమేషన్ చేద్దాం. సాధనకు ఇనుపయుగపు బ్రిటన్ తరహా చుట్టిల్లు ఒకటి గీసుకున్నాం: 9 మీటర్ల వ్యాసమున్న వలయం, దాని మీద 14 గుంజగుంటలు (గుంజలు పాతిన గుంటల ఆనవాళ్లు), ఆగ్నేయాన వాకిలి. గుంటకూ గుంటకూ మధ్య దూరం సుమారు 2 మీటర్లు.

ప్లానును బ్లెండర్ అనే 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేముందు నిరూపకాలు (కోఆర్డినేట్లు) చూసుకోండి. సర్వే ఫైల్లో ఉత్తరపు విలువ 56,12,000 మీటర్ల వంటి పెద్ద అంకె అయితే దాన్ని అలాగే దించకండి. బ్లెండర్ బిందువుల స్థానాలను 32 బిట్ల సంఖ్యలుగా దాచుకుంటుంది. అంత పెద్ద అంకెల దగ్గర దానికి తెలిసే అతిచిన్న తేడా అర మీటరు. 20 సెంటీమీటర్ల గుంజ గుండ్రంగా కాక వంకరటింకరగా వస్తే కారణం ఇదే. ప్రతి బిందువు నుంచీ ఒకే స్థిరాంకం తీసేసి వలయం కేంద్రాన్ని సున్నా దగ్గరికి తెచ్చుకోండి. తీసేసిన అంకెను రాసి పెట్టుకోకపోతే రేపు పక్క ట్రెంచి (తవ్వకపు గొయ్యి) ప్లాను దీనితో అతకదు.

ఇక గుంజలు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: గుంట వ్యాసాన్నే గుంజ వ్యాసంగా తీసుకుంటారు. 45 సెంటీమీటర్ల గుంటలో నిలబెట్టింది 20 సెంటీమీటర్ల గుంజే కావచ్చు. మిగతాది చుట్టూ కూరిన మట్టీ రాళ్లూ. గుంజ కుళ్లిపోయిన చోట రంగు మారిన మన్ను గొట్టంలా మిగులుతుంది. సెక్షన్ డ్రాయింగులో (గుంటను నిలువుగా కోసి గీసిన బొమ్మలో) దాని వెడల్పు కొలిచి అదే వాడండి. అది కనబడని గుంటలకు కనబడ్డవాటి సగటు పెట్టి, పట్టికలో ‘అంచనా’ అని గుర్తు వేయండి. లోతు విషయంలోనూ ఇంకో మెలిక ఉంది. నాగళ్లు పైమన్నును కోసేసిన పొలంలో నాటి నేలమట్టమే మిగలదు. తవ్వకంలో దొరికిన 30 సెంటీమీటర్లు గుంట అడుగుభాగం మాత్రమే.

పైకప్పుకు తవ్వకంలో ఆనవాలు దొరకదు, లెక్కే దిక్కు. గడ్డి కప్పుకు వాలు కనీసం 45 డిగ్రీలు ఉండాలి. 30 డిగ్రీలకు దించితే నీరు జారిపోక గడ్డిలోకి ఇంకి, కప్పు కుళ్లుతుంది. వ్యాసార్ధం 4.5 మీటర్లు కాబట్టి 45 డిగ్రీల వాలులో కొప్పు గోడ మీద 4.5 మీటర్లు లేస్తుంది. గోడ 1.5 మీటర్లు అనుకుంటే మొత్తం 6 మీటర్లు. 50 డిగ్రీలైతే సుమారు 6.9. రెండు కప్పులూ మోడల్ చేయండి, రెండూ కావాలి. కొప్పులో పొగ కన్నం మాత్రం పెట్టకండి. ఇంగ్లండులో 1972లో మొదలైన బట్సర్ ప్రాచీన క్షేత్రంలో పురావస్తు పరిశోధకుడు పీటర్ రేనాల్డ్స్ ఇలాంటి ఇళ్లను నిజంగా కట్టి చూశారు. పొగ గడ్డిలోంచే మెల్లగా బయటికి పోతుంది. కన్నం ఉంటే గాలి పైకి లాగి నిప్పురవ్వలను కప్పు దాకా తెస్తుంది.

తెర మీద మూడు స్థాయిలు మూడు రకాలుగా కనబడాలి. తవ్వకంలో దొరికింది నిండు ముదురు రంగులో, దాన్నిబట్టి తేల్చింది సన్నని అవుట్‌లైనుతో లేత రంగులో, ఊహ చుక్కల గీతలో. ఒకే గుంజలో కూడా నేల కింది భాగమే నిండు రంగు. నేల పైన ఎంత ఎత్తు లేచిందో తవ్వకం చెప్పలేదు. ఎరుపు ఆకుపచ్చల తేడా మీదే ఆధారపడకండి, ఆ రెండూ వేరుగా కనబడనివాళ్లు చాలామంది ఉన్నారు. 1920×1080లో గీత మందం 2 పిక్సెళ్ల కన్నా తగ్గితే కెమెరా కదిలినప్పుడల్లా మిణుకుమిణుకుమంటుంది.

కదలిక అలంకారం కాదు, అదీ ఒక వాదనే. 14 గుంజలు వాకిలి నుంచి వరసగా ఒకదాని తరవాత ఒకటి లేస్తే చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ చూసేవాళ్లు దాన్ని కట్టిన క్రమం అనుకుంటారు. ఆ క్రమం మనకు తెలియదు. కాబట్టి అన్నిటినీ ఒకేసారి, 301 నుంచి 348 ఫ్రేము దాకా లేపండి. కప్పు అసలు ‘పెరగకూడదు’, మెల్లగా తేలి కనబడాలి. 45 డిగ్రీల కప్పుకు 96 ఫ్రేములు, 24 ఫ్రేముల్లో ఒకటి కరిగి రెండోది తేలడం, 50 డిగ్రీల కప్పుకు మళ్లీ 96. ఒకదానికి ఎక్కువ సమయమిచ్చినా, చివరి షాటులో అదొక్కటే నిలబెట్టినా అదే అసలుదని ముద్రపడిపోతుంది. చివర్లో రెండింటి గీతలూ ఒకదాని మీద ఒకటి ఉంచండి.

కెమెరా: సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మొత్తం 1440. మొదటి 120 ఫ్రేములు ప్లాను పైనుంచి, కదలకుండా. ఆర్థోగ్రాఫిక్ కెమెరా (దూరమైనా వస్తువు చిన్నది కానిది) పెర్‌స్పెక్టివ్‌లోకి (దూరమైతే చిన్నదయ్యేదానిలోకి) మెల్లగా మారదు, ఒక్కసారిగా గెంతుతుంది. అందుకే మొదటినుంచీ పెర్‌స్పెక్టివ్‌లోనే 200 మిల్లీమీటర్ల లెన్సుతో 110 మీటర్ల ఎత్తున పెట్టండి. ప్లాను మాయమైతే కెమెరా క్లిప్ ఎండ్ (కెమెరా చూడగల గరిష్ఠ దూరం) 100 దగ్గర ఆగిపోయి ఉంటుంది, 500 చేయండి. 121 నుంచి 300 దాకా కెమెరాను కంటి ఎత్తుకు, 1.6 మీటర్లకు దించుతూ, లెన్సు 35కి, కేంద్రం నుంచి దూరం 19 మీటర్లకు తగ్గించండి. లెన్సుకూ దూరానికీ పెట్టే కీఫ్రేములు (విలువను కట్టిపెట్టే గుర్తులు) ఒకే ఫ్రేముల మీద, ఒకే ఇంటర్‌పొలేషన్‌తో (వాటి మధ్య విలువ మారే తీరుతో) ఉండాలి. లేకపోతే ఇల్లు ఉబ్బి తగ్గినట్టు కనబడుతుంది. కెమెరా కదులుతున్నంతసేపు మోడల్లో ఏదీ కదలకూడదు.

రెండర్‌ను నేరుగా వీడియోగా కాక పీఎన్‌జీ ఫ్రేములుగా తీయండి. 900వ ఫ్రేము దగ్గర మెషిన్ ఆగిపోయినా ముందటి 899 చేతిలో ఉంటాయి.

మోడల్‌తోపాటు ఒక పట్టిక కూడా అప్పగించాలి: భాగం, ఆధారం, స్థాయి, ఉండగల మరో రూపం. వారసత్వ సంపదను కంప్యూటర్‌లో చూపడానికి సూత్రాలు చెప్పే లండన్ చార్టర్, 2009లో వచ్చిన 2.1 వెర్షన్, ఇలాంటి నిర్ణయాలను నమోదు చేయమనే అడుగుతుంది. పట్టిక మొదటి మోడల్‌తోనే మొదలుపెట్టండి. రెండర్ అయ్యాక రాద్దామంటే ఏది కొలిచామో, ఏది ఊహించామో గుర్తుండదు.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. ఇదే ప్లానులో నాలుగు గుంటలు తరవాతి దశవి అనుకోండి. వాటిని తీసేసి మిగిలిన పదింటితో వలయం కుదురుతుందో లేదో చూసి, రెండు దశలనూ బ్లెండర్‌లో విడివిడి కలెక్షన్లుగా (వస్తువుల గుంపులుగా) సేవ్ చేయండి. 5వ పాఠం ఆ ఫైలుతోనే మొదలవుతుంది.