ఏజెంట్ తప్పుడు టూల్ పిలుస్తోందా? మోడల్ మార్చేముందు డిస్క్రిప్షన్ చూడండి

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు వైపు ఇప్పుడు ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా మన తెలుగోళ్ల మధ్య ఏఐ ఏజెంట్ల గొడవే, అంటే మనం చెప్పింది విని, మనమిచ్చిన టూల్స్ (ఫంక్షన్లు) పిలిచి పని చేసిపెట్టే ప్రోగ్రాములు. అది మాట వినట్లేదంటే మనోళ్లు చేసే మొదటి పని దాని వెనకున్న ఏఐ మోడల్ మార్చడం, రెండోది సిస్టమ్ ప్రాంప్ట్‌లో (ముందుగా రాసిచ్చే సూచనల్లో) దాన్ని బెదిరించడం. అసలు సంగతేంటంటే మోడల్‌కి మీ కోడ్ కనపడదు. ఏ టూల్ పిలవాలో తేల్చుకోడానికి మీరు దానికి ఇచ్చేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల జేసన్ స్కీమా (ఏ విలువలు ఏ రూపంలో పంపాలో చెప్పే పట్టిక), అంతే. ఎంసీపీ (మోడళ్లకి టూల్స్ తగిలించే ఒక ప్రామాణిక పద్ధతి) సర్వర్ రాసినా, డైరెక్ట్‌గా ఫంక్షన్ కాలింగ్ వాడినా ఇదే కథ. సంక్రాంతికి ఊరెళ్లడానికి రైళ్లు, బస్సులు వెతికి టికెట్ బుక్ చేసే ఏజెంట్ ఒకటి ఉందనుకుని చూద్దాం.

రైలు అడిగితే బస్సు టూల్ పిలుస్తోంది

రెండింటి డిస్క్రిప్షన్ తెరవండి. రెండిట్లోనూ "ప్రయాణ వివరాలు ఇస్తుంది" అని ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం. ఇలా రాయండి: "రెండు స్టేషన్ల మధ్య ఒక తేదీన నడిచే రైళ్లు, వాటిలో ఖాళీ సీట్లు చూపిస్తుంది. బస్సులకి సెర్చ్_బసెస్ వాడాలి. పీఎన్ఆర్ స్టేటస్ దీనితో రాదు." ఈ చివరి రెండు వాక్యాలే అందరూ ఎగ్గొట్టేవి, ఎక్కువ పని చేసేవీ అవే. కోడ్ చూడని టీమ్‌మేట్‌కి డిస్క్రిప్షన్లు మాత్రమే చూపించి ఏది ఎప్పుడు వాడతావని అడగండి, వాళ్లే తడబడితే ఆ రెండు టూల్స్‌నీ కలిపేసి ఒకటి చెయ్యడం బెటర్.

టూల్ కరెక్టే, రిజల్ట్ మాత్రం ఖాళీ

ఎక్కువ టైమ్ తినేది ఇదే. పారామీటర్ పేరు "ఫ్రమ్", దాని కింద "బయల్దేరే ఊరు" అని ఉంది, మోడల్ బుద్ధిగా "బెంగళూరు" అని పంపింది, మీ బ్యాకెండ్‌కేమో స్టేషన్ కోడ్ కావాలి. పోనీ "స్టేషన్ కోడ్" అని మార్చారనుకోండి, ఇప్పుడది ఎస్‌బీసీ అని పంపుతుంది, అంటే కేఎస్ఆర్ బెంగళూరు. కానీ మన ఊళ్లకెళ్లే బళ్లు అన్నీ అక్కణ్నుంచే ఉండవు కదా, యశ్వంతపూర్ వైపీఆర్ ఉంది, 2022లో మొదలైన బైయప్పనహళ్లి టెర్మినల్ ఎస్ఎంవీబీ ఉంది, వైట్‌ఫీల్డ్ వైపు వాళ్లకైతే కృష్ణరాజపురం కేజేఎం దగ్గర. కాబట్టి పారామీటర్ కిందే చెప్పెయ్యాలి: "భారతీయ రైల్వే స్టేషన్ కోడ్, ఉదాహరణకి వైపీఆర్. ఊరి పేరు పంపకూడదు. యూజర్ ఊరి పేరు మాత్రమే చెబితే ముందు ఊరి స్టేషన్ కోడ్లిచ్చే ఫైండ్_స్టేషన్స్ పిలిచి, వచ్చిన ప్రతి కోడ్‌తో వెతకాలి." క్లాస్ లాంటివాటికి కొన్ని విలువలే ఉంటాయి, వాటిని వాక్యంలో వర్ణించకుండా స్కీమాలో ఈనమ్ (ఒప్పుకునే విలువల జాబితా) పెట్టెయ్యండి, స్లీపర్‌ని నాలుగు స్పెల్లింగుల్లో రాసే గోల తప్పుతుంది.

తేదీ ఒకరోజు తేడా, లేదా నెల తారుమారు

01-02-2026 అంటే మనకి ఫిబ్రవరి 1, అమెరికా పద్ధతిలో జనవరి 2. ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, 2026-01-13 లాగా అని ఫార్మాట్ రాసి ఉదాహరణ ఇవ్వండి. ఇంకో తిరకాసు అర్ధరాత్రి దాటాక బయటపడుతుంది: సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుంటే మనకి 12 నుంచి తెల్లారి 5:30 దాకా దానికింకా నిన్నే, అప్పుడు "రేపటికి టికెట్" అంటే ఇవాళ్టి బళ్లు చూపిస్తుంది. ఇది డిస్క్రిప్షన్ ఒక్కదానితో పోదు, ఇవాళ్టి తేదీని భారత కాలమానంలో ప్రాంప్ట్‌లో అందివ్వాలి. డబ్బు దగ్గరా ఇలాంటిదే, పేమెంట్ ఏపీఐ (మీ కోడ్ పిలిచే చెల్లింపుల సర్వీసు) అమౌంట్‌ని పైసల్లో తీసుకుంటుంటే పారామీటర్ పేరే అమౌంట్_పైసా అని పెట్టండి, 500 రూపాయలంటే 50000 అని ఉదాహరణ కూడా వెయ్యండి.

టూల్ పిలవకుండానే రైలు టైమింగ్స్ చెప్పేస్తోంది

ట్రైనింగ్‌లో చదివిందేదో గుర్తుంది, వదిలేస్తోంది. "టైమింగ్స్, సీట్లు మారుతూ ఉంటాయి, ఎప్పుడూ ఈ టూల్ నుంచే తీసుకోవాలి" అని ఒక లైను వేస్తే చాలావరకు దారికొస్తుంది.

ఒకే కాల్ మళ్లీ మళ్లీ చేస్తోంది

మీ ఎర్రర్ మెసేజ్ చూడండి, "400 బ్యాడ్ రిక్వెస్ట్" అని మాత్రమే ఉంటుంది. దాన్నిబట్టి ఏం మార్చాలో మనకే తెలీదు, మోడల్‌కేం తెలుస్తుంది. "బెంగళూరు అనేది స్టేషన్ కోడ్ కాదు, ఫైండ్_స్టేషన్స్‌తో కోడ్ తెచ్చుకో" అని పంపితే మరుసటి కాల్‌లోనే సర్దుకునే అవకాశం ఎక్కువ. రైళ్లు నిజంగానే లేకపోతే ఉత్త ఖాళీ లిస్టు కాకుండా "ఆ తేదీన రైళ్లు లేవు" అని మాటల్లో చెప్పండి.

అడక్కుండా బుక్ చేసేసింది

డిస్క్రిప్షన్‌లో "డబ్బు కట్ అవుతుంది, రైలు, తేదీ, ఛార్జీ యూజర్‌కి చూపించి సరే అనిపించుకున్నాకే పిలవాలి" అని రాయాల్సిందే. కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి, డిస్క్రిప్షన్ అనేది సలహా, తాళం కాదు. కన్ఫర్మేషన్ బటన్ మీ యాప్‌లో ఉండాలి, యూజర్ అది నొక్కితే వచ్చే టోకెన్ (ఒప్పుకున్నట్టు గుర్తు కోడ్) లేకుండా బుకింగ్ ఏపీఐ కాల్‌ని వెనక్కి కొట్టెయ్యాలి, అదే టోకెన్ రెండోసారి వస్తే కొత్త టికెట్ తీయకుండా పాత పీఎన్ఆరే తిరిగివ్వాలి.