బండి కదిలితే ఆర్వీ (ఇల్లులా వాడుకునే ప్రయాణ బండి) ఫ్రిజ్ చల్లదనం తగ్గుతోందా?

రాత్రంతా బాగా చల్లబడిన ఫ్రిజ్, నాలుగు గంటలు డ్రైవ్ చేసేసరికి పాలు విరిగేంత వేడెక్కుతుంటే చాలా బాధగా ఉంటుంది. గ్యాస్, కరెంటు, బండి బ్యాటరీ 12 వోల్టులు మూడింటి మీదా నడిచే ఫ్రిజ్ అయితే, కొత్తది కొనే ముందు ఇది చూడండి.

ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఫ్రిజ్‌ని 12 వోల్టుల మోడ్‌లో పెట్టి, ఫ్రిజ్ వెనక టెర్మినల్స్ (వైర్లు బిగించే చోటు) దగ్గరే మల్టీమీటర్‌తో వోల్టేజ్ కొలవండి. ఫ్రిజ్ ఆఫ్‌లో ఉండగా కొలిస్తే లాభం లేదు, లోడ్ లేనప్పుడు అంతా బాగున్నట్టే చూపిస్తుంది. నాకు బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, ఫ్రిజ్ దగ్గర 10.5 మాత్రమే వచ్చింది. 12కి బదులు 10.5 అందితే ఫ్రిజ్‌లోని హీటర్ ఇచ్చే వేడి దాదాపు పావు వంతు పడిపోతుంది. ఆ వేడితోనే ఈ ఫ్రిజ్ చల్లబడేది.

ఫ్యూజ్ తీసేసి, ఫ్రిజ్ ఎర్త్ వైరు (నెగటివ్ వైరు) స్క్రూ విప్పాను. దాని కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది గట్టిగా బిగిస్తే 12.4కి వచ్చింది. అప్పటికీ పెరగకపోతే వైరు సన్నగా ఉండొచ్చు, అలాగైతే మందం వైరు వేయించాలి. ఫ్యూజ్ మాత్రం పెద్దది వేయకండి.

ఇంకో మాట, 12 వోల్టుల మోడ్ ఉన్న చల్లదనాన్ని నిలబెట్టడానికే. ముందు రాత్రే కరెంటు మీద చల్లబరచండి.

వోల్టేజ్ సరిగ్గా ఉన్నా చల్లబడకపోతే హీటరే పోయి ఉండొచ్చు, మెకానిక్‌కి చూపించండి. కంప్రెసర్ ఫ్రిజ్‌కి ఈ హీటర్ లెక్క వర్తించదు.