మోయాబ్‌కి కుక్కతో వెళ్తున్నారా?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోయాబ్ ఊరి దగ్గరున్న ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుల్లో కుక్కను ఏ ట్రెయిల్ మీదికీ రానివ్వరు, పట్టీ కట్టినా సరే. దాంతో ఒకరు నడుస్తుంటే ఇంకొకరు పార్కింగ్‌లో కుక్కతో కూర్చోవాల్సొస్తుంది.

దగ్గర్లోనే డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కు ఉంది. అక్కడ హైకింగ్ ట్రెయిల్స్ మీద కుక్కల్ని తీసుకెళ్లొచ్చు (సైకిల్ ట్రెయిల్స్ మీద మాత్రం వద్దు). కింద కొలరాడో నది మెలిక తిరిగే చోటు అంచు నుంచే కనిపిస్తుంది, చూసి తీరాలి! తెల్లవారగానే పట్టీ 6 అడుగులకు మించకుండా పట్టుకుని అక్కడ నడవండి. ఆర్చెస్‌ని తర్వాత కారులోంచి చూసుకోవచ్చు. నేషనల్ పార్కు పాసు డెడ్ హార్స్ పాయింట్‌లో చెల్లదు, టికెట్ వేరే. నీళ్లు లారీల్లో తెచ్చుకునే చోటు కాబట్టి మోయాబ్‌లోనే డబ్బాలు నింపుకోండి. రాత్రి రెండు లీటరు సీసాలు ముప్పావు వంతు నింపి గడ్డకట్టిస్తే, ఐస్‌పెట్టెలో మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటాయి, కరిగాక కుక్క తాగుతుంది.

జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండెక్కాక ఇది కుదరదు. అరచేతి వెనక వైపు రాయి మీద ఆనించి చూడండి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి, వెనక్కి తిరిగిపోండి. కారులో వదిలి వెళ్లడం అసలే వద్దు.